అక్క అడగని నీలి మంచు

మొన్న సాయంత్రం లిఫ్టులో మా కింది అంతస్తు అమ్మాయి కనబడి, ఆంటీ, మేము జూలై సెలవులకి చిలీ వెళ్తున్నాం, మీవాళ్ళు రెండుసార్లు వెళ్ళొచ్చారట కదా, ఎక్కడ తిరగాలో ఏం పట్టుకెళ్ళాలో మూడు ముక్కల్లో వాట్సాప్ చేసెయ్యండి అంది. నేను నోరు తెరిచేలోపే వాళ్ళ అంతస్తు వచ్చేసింది. దిగాక మూసుకుంటున్న తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి, అన్నట్టు మా అత్తగారు కూడా వస్తున్నారండీ, బాబుని చూసుకోవడానికి ఓ మనిషి ఉండాలిగా, అని నవ్వి వెళ్ళిపోయింది. పిల్ల మంచిదే, ఎదురుపడితే పలకరించకుండా పోదు. కానీ ఆ ఆఖరి మాటకి నాకు ఒళ్ళు మండింది.

మూడు ముక్కల్లో అట. మన కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా ఉన్న దూరం కంటే పొడవైన దేశం అది. ఒక కొసన వానచుక్క ఎరగని ఎడారి, రెండో కొసన కరగని మంచు, మధ్యలో ద్రాక్షతోటలూ సరస్సులూ అగ్నిపర్వతాలూ, ఒక పక్క పొడుగునా సముద్రం, ఇంకో పక్క పొడుగునా కొండలు. ఇక్కడ దోహాలో, అబూ హమూర్ బళ్ళో ఏళ్ళ తరబడి పిల్లలకి భూగోళం చెప్పినదాన్ని, ఆ ఒక్క దేశం సరిగ్గా చెప్పాలంటే నాకు పీరియడ్లు చాలేవి కావు. ఇంత వయసు వచ్చాక ఇంకా ఈ కోపాలేమిటని నా ఈడువాళ్ళు మీరు అనుకోవచ్చు, నిజమే, బీపీ మాత్ర కూడా వేసుకుంటున్నాను. అయినా సంగతి విన్నాక నా కోపంలో అన్యాయం ఉందేమో మీరే చెప్పండి.

మా బావగారు, అంటే మా వారి అన్నగారు, మా అందరికంటే ముందు దోహా వచ్చినవారు. అల్ షహానియా వైపు రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరుగా చేరి, ఆ ఒంటెల ఫారాల మధ్య నిలువెండలో నిలబడి పని చేయించిన మనిషి. ఆయన చూపించిన ఉద్యోగంలోనే మా వారు చేరారు, మా వారి వెనక నేను వచ్చాను, ఒకే బిల్డింగులో పైనా కిందా మా రెండు కాపురాలూ చాలా ఏళ్ళు నడిచాయి. బావగారి భార్యని నేను అక్కా అనే పిలుస్తాను. పేరుకి తోటికోడలే గానీ, బడి నుంచి ఉసూరుమంటూ వస్తే గుమ్మంలోనే ఆపి నాకింత అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆవిడది. నోట్లో నాలుక లేని మనిషి. తనకి ఫలానాది కావాలని ఆవిడ అనగా నేను వినలేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటైనా నాతో అంది గానీ, అనవలసిన మనిషితో అనలేదు.

మా అత్తవారింట ఒక పద్ధతి ఉండేది, మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. తమ్ముడి భార్య బావగారి ఎదుట కూర్చోదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. సముద్రాలు దాటి ఈ దేశం వచ్చినా, ఉద్యోగం చేసినా, ఇంత పెద్ద బండి తోలినా, ఆ పద్ధతి మాత్రం మా సామాన్లతో పాటు వచ్చి ఇక్కడా కాపురం పెట్టింది. క్లాసు నిండా ఉన్న పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టగలిగిన నేను, బావగారి చెప్పుల చప్పుడు వినబడగానే చటుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. అక్క సంగతి ఇంకా విచిత్రం, కట్టుకున్న భర్తతోనే తన ఇష్టం చెప్పుకోదు. ఆవిడ మాట నాకు చెప్పేది, నేను మా వారికి చెప్పేదాన్ని, మా వారు వీలు చూసుకుని అన్నగారి చెవిన వేసేవారు, జవాబు మళ్ళీ అదే దారిన వెనక్కి వచ్చేది. మా వారికో గుణం ఉంది, ఏ మాటనైనా పాకంలో ముంచితే గానీ అన్నగారి ముందు పెట్టరు. ఇక్కడ మేము ఇచ్చిన మాట ఒకటి, అక్కడ చేరిన మాట ఇంకొకటి అయ్యేది.

బళ్ళో ఎగ్జిబిషన్ పెట్టిన ఒక ఏడాది దక్షిణ అమెరికా నా వంతుకి వచ్చింది. ఇంట్లో నేల మీద అట్టలు పరుచుకుని, పాత క్యాలెండర్ల బొమ్మలు కత్తిరించి అంటిస్తుంటే అక్క సాయానికి వచ్చి కూర్చుంది. చిలీ దక్షిణపు కొసన కొండల మీంచి నీళ్ళలోకి దిగే మంచునది బొమ్మ ఆవిడ చేతికి వచ్చింది. చాలాసేపు అలాగే పట్టుకుని చూసి, మంచు తెల్లగా కదా ఉండాలి, దీనికి నీలం రంగు వేశారేమిటి అంది. రంగు కాదక్కా, ఏళ్ళ తరబడి మంచు మీద మంచు పడి, అడుగున ఉన్నది బిగిసిపోయి, లోపలి గాలంతా పోతే ఆ రంగు వస్తుంది అన్నాను. కళ్ళారా చూస్తే గానీ ఒప్పుకోనన్నట్టు నవ్వి, ఒక్కసారి దీన్ని చూడాలే, అంది. ఆ బొమ్మని చార్టు మీద అంటించనివ్వకుండా పట్టుకెళ్ళి, తన వంటింట్లో పప్పుల అలమర తలుపుకి లోపలివైపు అంటించుకుంది. బయటివైపే అంటించుకోవచ్చు కదా అంటే, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అంది. మంచు బొమ్మ చూసి ఎవరు ఏమనుకుంటారో నాకు ఇప్పటికీ తెలియదు.

బావగారి ఉద్యోగం చివరి ఏడాది, అందరం కలిసి దూరంగా ఎక్కడికైనా వెళ్దాం, మన బిల్డింగులో ఎవరూ చూడని దేశం చూద్దాం అని ఆయనకి బుద్ధి పుట్టింది. నేను చిలీ అన్నాను, అంటే మా వారితో అన్నాను, మా వారు అన్నగారితో అన్నారు, ఆయన ఎందుకో ఒప్పుకున్నారు. ఆ రోజు అక్క పాయసం చేసింది. ఎందుకు చేశావని ఎవరూ అడగలేదు, అందరూ తాగి గిన్నెలు పెట్టి వెళ్ళిపోయారు.

ఇక అక్కడి నుంచి నా తల ప్రాణం తోకకొచ్చింది. మనకి వేసవి అయితే వాళ్ళకి చలికాలం, జూలై అక్కడ నడి చలికాలం అని నేను ఏటా పరీక్షలో ప్రశ్న ఇచ్చి, తప్పు రాసిన పిల్లలచేత ఇంపోజిషన్ రాయించినదాన్ని. ఇంట్లో అదే మాట చెప్పి పంపితే వచ్చిన జవాబు ఏమిటంటే, డిసెంబరులో లీవు దొరకదు, అయినా మనం ముందు వెళ్ళేది ఎడారికే కదా, ఎడారి మనకి కొత్తా అని. ఇదీ మా ఖతర్ వాళ్ళ జబ్బు. ఇక్కడ ఇన్నేళ్ళు ఉన్న ఎవర్నైనా అడిగి చూడండి, ఎడారి అంటే వేడి, ఇసుక, ఏసీ, అంతే. చిలీ ఉత్తరాన ఉన్న అటకామా ఎడారిలో మనం దిగే ఊరే ఊటీ కంటే ఎత్తున ఉంటుందనీ, అక్కడ వేడినీళ్ళ ఊటలు చూడటానికి ఎక్కే చోటు ఊటీ మీద ఇంకో ఊటీ పెట్టినంత ఎత్తనీ, జూలైలో అక్కడ తెల్లవారుజామున నీళ్ళు గడ్డకడతాయనీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. మా వారు దాన్ని అన్నగారికి ఎలా చేరవేశారో తెలుసా, కాస్త చల్లగా ఉండొచ్చట అని.

మా రెండో జబ్బు దూరం తెలియకపోవడం. పొద్దున్నే ఇడ్లీ తిని బయల్దేరితే ఈ దేశం ఒక కొస చూసుకుని భోజనాల వేళకి ఇంటికి వచ్చేస్తాం. ఆ లెక్కనే బావగారు అట్లాసు ముందు పెట్టుకుని, ఉత్తరాన ఎడారి, ఆ తర్వాత రాజధాని, ఆ తర్వాత ద్రాక్షతోటలు, సరస్సులు, చివరగా మంచు అని వేలితో గీత గీశారు. వేలికేం పని, క్షణంలో దిగిపోతుంది. మంచు ముందు పెట్టండి, మిగిలినవి మిగిలిన రోజుల్లో చూసుకుందాం అని నేను చెప్పి పంపాను. చివర్లో చూద్దాంలే అని జవాబు వచ్చింది. అక్క ఆ జవాబు విని, చూద్దామన్నారుగా, అంటే చూస్తాం అంది. ఆవిడ నమ్మకం చూస్తే నాకు ఇంకా కోపం వచ్చేది.

ఇక్కడ నుంచి అక్కడికి చేరడమే ఒక తపస్సు. దోహా నుంచి బ్రెజిల్ దాకా ఒక పెద్ద విమానం, అక్కడి నుంచి శాంటియాగోకి ఇంకొకటి. అక్కడ దిగగానే, మీ దగ్గర తినే వస్తువులు, గింజలు, ఆకులు ఏమైనా ఉన్నాయా అని రాసిమ్మంటారు. ఉన్నాయని రాయండి, చచ్చినా లేవని రాయకండి. వాళ్ళకి పండ్లతోటలే ప్రాణం, బయటి నుంచి ఏ పురుగు వస్తుందోనని వాళ్ళ భయం. బావగారు లేవని రాశారు. పచ్చళ్ళూ పొడులూ తినే వస్తువులు ఎలా అవుతాయి, అవి ఇంటి సామాను అని ఆయన ఉద్దేశం. వాళ్ళ కుక్క ఒకటి వచ్చి అక్క సంచి పక్కన బుద్ధిగా కూర్చుంది. ఇక ఆ బల్ల మీద మా సంసారమంతా పరిచారు. పోపు గింజలూ, ఎండబెట్టిన కరివేపాకూ, నెయ్యీ తీసి పీపాలో పడేసి, పైగా జరిమానా వేశారు. అక్క ఆ ఆవాల పొట్లం వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. ఆ రాత్రి నుంచి మాకు రొట్టె, బీన్స్, అక్కడ విరివిగా దొరికే వెన్నపండు, అదే అవకాడో, ఇవే గతి. వెన్నపండు మాత్రం బాగుంటుంది, మిరప్పొడి చల్లుకుంటే అన్నంలోకి కూడా పనికొస్తుంది.

జూలైలో దోహాలో తలుపు తీస్తే పొయ్యి మీద మూత తీసినట్టు ఉంటుంది కదా, ఆ వేడిలోంచి పలచటి నూలు బట్టలతో వెళ్ళి ఆ ఎడారిలో దిగాం. బావగారు సైటు మీద పెట్టుకునే తెల్ల టోపీ పెట్టుకున్నారు. దిగిన ఊళ్ళో రెండు రోజులు కదలకుండా ఉండి, నీళ్ళు బాగా తాగి, ఆ ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడ్డాకే పైకి వెళ్ళమని అక్కడి గైడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నేనూ చెప్పాను. వింటేనా. మర్నాడే పైకి ఎక్కించారు. నేల బీటల్లోంచి తెల్లగా ఆవిరి లేస్తోంది, చూడటానికి బాగానే ఉంది, కానీ మేము షాల్స్ మీద షాల్స్ కప్పుకుని పళ్ళు కొట్టుకుంటున్నాం. మా సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. ఎడారి నాకు కొత్తా అన్న మనిషే తల పట్టుకుని కూర్చుండిపోయారు. వాంతులు, ఆయాసం. అక్కడ మనిషిని పడగొట్టేది ఎండ కాదు, పలచటి గాలి. ఆయన్ని కిందికి దింపి, ఊళ్ళో ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించి, ఆ తర్వాత సత్రం గదిలో మంచం మీద పడుకోబెట్టాం.

ఆ ఎత్తుకి విరుగుడని అక్కడివాళ్ళు ఒక ఆకుతో టీ కాచి ఇస్తారు, ఇష్టమైతే అక్కడే తాగండి గానీ ఆ ఆకు ఒక్కటి కూడా సంచిలో వేసుకుని దోహాకి రాకండి. అక్కడ అది మన తులసి టీ లాంటిది, ఇక్కడ మత్తుమందు కింద లెక్క, జైలు.

ఇలా మంచం పక్కనే మా సెలవులు కరిగిపోయాయి. అక్క ఆ గది వదిలి రాలేదు. చుట్టూ ఎర్రటి కొండలు, ఉప్పు మైదానాలు, ఉప్పునీటి మడుగుల్లో గులాబీ రంగు కొంగలు, ఇవన్నీ నేనూ అబ్బాయీ చూసి వచ్చి చెప్తే వింది. అబ్బాయి అంటే అక్క కొడుకు, అప్పటికి కాలేజీలో చదువుతున్నాడు. రోజూ నన్ను పక్కకి పిలిచి, చివరికి మంచు దగ్గరికి వెళ్తాం కదూ అని మాత్రం అడిగేది. నేను మా వారిని అడిగేదాన్ని. చూద్దాంలే అనేవారు. నాకు అప్పటి నుంచి ఆ చూద్దాంలే అన్న మాట పడదు.

చివరికి దక్షిణానికి మిగిలింది ఒక్క రోజు. ఒక విమానం, ఇంకో విమానం, ఆ పైన బస్సు, దిగేసరికి చీకటి. అంత చలికాలంలో మంచు దగ్గరికి తీసుకెళ్ళే పడవలు కొన్ని రోజులే నడుస్తాయి. మా అదృష్టం కొద్దీ మర్నాడు ఒకటి ఉంది. తెల్లవారి రేవుకి వెళ్తే, గాలి ఎక్కువగా ఉంది, రేవు మూసేశాం, ఇవాళ పడవ కదలదు అన్నారు. గాలంటే మామూలు గాలి కాదు, మనిషిని పట్టుకుని ఊపుతుంది. అక్క మేజోళ్ళ మీద చెప్పులు వేసుకుని, చీర మీద మా వారి కోటు తొడుక్కుని, రేవు కమ్మీ పట్టుకుని నీళ్ళ వంక చూస్తూ నిలబడింది. అటువైపు అంతా బూడిద రంగు మబ్బు. ఆ మబ్బు వెనకే ఉందామ్మా నువ్వు చెప్పింది, అని నన్ను అడిగింది. అవునక్కా అన్నాను. ఇంత దగ్గర దాకా వచ్చాం, పోనీలే, అంది. తిరుగు బస్సులో బావగారు ముందు సీట్లోంచి, ఇంత దూరం వచ్చి ఇక్కడ ఏముంది, గాలి తప్ప, అన్నారు. ఆ మాటకి నాకు కోపంతో ఏడుపొచ్చింది. అక్క మాత్రం ఆయన మఫ్లరు సరిగ్గా చుట్టుకున్నారో లేదో చూస్తోంది.

తర్వాత ఎన్నో ఏళ్ళు గడిచాయి. మేము వేరే బిల్డింగుకి మారాం, అబ్బాయికి ఇక్కడే ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టారు, బావగారూ అక్కా వాడి దగ్గరే ఉంటున్నారు. ఇల్లు మారినప్పుడల్లా అక్క ఆ బొమ్మని మెల్లగా ఊడదీసి కొత్త వంటింటి అలమర లోపల అంటించుకుంటూనే ఉంది. కిందటేడు ఎండలు ముదరక ముందే అబ్బాయి ఫోన్ చేసి, పిన్నీ, చిలీ వెళ్దామనుకుంటున్నాం, పిల్లల సెలవులు జూలైలోనే కదా, టిప్స్ ఉంటే పంపించు అన్నాడు. ఫోన్లో ఏదో అడిగితే అదే ప్లాను మొత్తం వేసి ఇచ్చిందట, నాకు పంపించాడు. మొదట ఎడారి, దిగిన మర్నాడే పైకి, తర్వాత రాజధాని, తర్వాత సరస్సులు, చివరి రోజు మంచు. వాళ్ళ నాన్న అట్లాసు మీద వేలితో గీసిన గీతే, రంగుల్లో ఉంది. పైగా అమ్మ చలికి తట్టుకోలేదు, ఆ రోజు చిన్నాడితో హోటల్లో ఉంటుందిలే అన్నాడు.

నేను వాడికి పేజీల కొద్దీ రాసి పంపాను. బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. అక్క దగ్గరికి వెళ్తే, మోకాళ్ళు చూపించి, ఆపరేషన్ తప్పదంటున్నారు, ఇప్పుడు కాకపోతే ఇక నావల్ల కాదే, అయినా పిల్లలు చూస్తే నేను చూసినట్టే కదా, అంది. ఎలా అవుతుంది. వాళ్ళు భోంచేస్తే నీ కడుపు నిండుతుందా అక్కా అని అరిచాను. మెల్లగా మాట్లాడు, ఆయన పడుకున్నారు అంది. ఇంటికి వచ్చి మా వారితో చెప్తే, సరే, వీలు చూసి అన్నయ్యతో అంటాలే అన్నారు. ఆయన పాకం పొయ్యి మీద పెట్టబోతున్నారని నాకు అర్థమైంది.

ఆ శుక్రవారం భోజనాలయ్యాక నేనే బండి తీసుకుని వెళ్ళాను. బావగారు హాల్లో తన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను ఇంకో కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. నా పెళ్ళయిన తర్వాత అలా కూర్చోవడం అదే మొదలు. వంటింట్లో అక్క చేతిలోంచి ఏదో గిన్నె కింద పడింది. ఆయనకి ఇప్పుడు కాస్త వినికిడి తగ్గింది, అందుకని గట్టిగానే చెప్పాను. బావగారూ, అక్కకి ఆ దేశంలో మంచు తప్ప ఇంకేమీ అక్కర్లేదు, అప్పుడు మనం వెళ్ళిందే అందుకు, ఈసారైనా దాన్ని ముందు పెట్టించండి, జూలైలో కాదు డిసెంబరులో వెళ్ళండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. కోప్పడతారనుకున్నాను. ఆవిడ నాతో ఎప్పుడూ అనలేదే అమ్మాయ్, అన్నారు. మీ తమ్ముడు చెప్పలేదా అంటే, మంచు కూడా చూస్తే బాగుంటుందట అన్నాడు, అబ్బాయి సరదా అనుకున్నాను అన్నారు. వంటింట్లో అలమరలో బొమ్మ ఉంది, ఎప్పుడూ చూడలేదా అన్నాను. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. ఏ తలుపో ఆయనకి తెలియదు. కంచాల తలుపు తీశారు, మూశారు, మసాలాల తలుపు తీశారు, మూశారు, ఆ తర్వాత పప్పుల తలుపు తీశారు. బొమ్మ మీద నూనె చేతులు తగిలి, పసుపు మరకలు పడి, అంచులు చిరిగిపోయి ఉంది. నీలం మాత్రం పోలేదు. ఇన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉందా, అన్నారు. అక్క పొయ్యి దగ్గర, దొంగతనం చేసి దొరికిన మనిషిలా తల వంచుకుని నిలబడింది.

నేను ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పప్పుల అలమర తలుపు తీయని మనిషి మీదా, బొమ్మని తలుపు బయట అంటించని మనిషి మీదా, మధ్యలో మాటలకి పాకం పట్టిన మా వారి మీదా. ఒక దేశం ఒక కొస నుంచి ఇంకో కొసకి వెళ్ళడం కష్టమంటారు గానీ, ఆ ఇంట్లో హాల్లోంచి వంటింట్లోకి ఒక మాట వెళ్ళడానికి ఒక జీవితం పట్టింది.

ఆ సాయంత్రమే ఆయన కొడుకుని పిలిచి ప్లాను మార్పించారు. డిసెంబరు సెలవుల్లో వెళ్ళారు. నేరుగా దక్షిణానికి వెళ్ళి, రేవు మూసినా మళ్ళీ ప్రయత్నించడానికి రోజులు చేతిలో ఉంచుకున్నారు. వేసవి అయినా అక్కడ గాలి గాలే, ఒక్క రోజులోనే ఎండా వానా మంచూ అన్నీ పడతాయి, అందుకని లావుపాటి కోటు ఒక్కటి కాకుండా పలచటివి నాలుగు ఒకదాని మీద ఒకటి వేసుకోమన్నాను, చెప్పులు కాదు బూట్లు అని అక్కకి నేనే కొనిచ్చి తొడిగి చూశాను. ఆ సీజన్లో గదులు ముందుగా మాట్లాడుకోకపోతే రోడ్డు మీద నిలబడాల్సిందే. ఈసారి పచ్చళ్ళు ఉన్నాయని రాసిచ్చారు, సీలు వేసిన పొడులు వాళ్ళు పోనిచ్చారట.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు ప్రయాణ బడలిక తీరనివ్వకుండా వెళ్ళి కూర్చున్నాను. ఎలా ఉందక్కా, చూశావా అన్నాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, ఆయన చూడలేదే పాపం, అంది. సంగతేమిటంటే, పడవ ఊపుకి చిన్నాడు వాంతులు చేసుకుంటుంటే, ఎప్పటిలాగే అక్క వాడిని ఎత్తుకోబోయిందట. బావగారు వాడిని తన ఒళ్ళోకి లాక్కుని, నువ్వు బయటికి వెళ్ళు అన్నారట. జీవితంలో సొంత కొడుకు మూతి తుడవని మనిషి, మనవడి వాంతి తన షాలుతో తుడుస్తూ, కిటికీ కూడా లేని మూల కూర్చుండిపోయారట. అక్క మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి పైకి వెళ్ళి, కమ్మీ పట్టుకుని, మంచు కనబడినంతసేపూ చూసింది. నీలంగానే ఉందా అంటే, ఆ, నీలమే, రంగేం వెయ్యలేదు, అంది. వెంటనే మళ్ళీ, అంత దూరం వచ్చి ఆయన చూడకుండా పోయారే, మళ్ళీ ఎప్పుడు వీలవుతుందో, నువ్వు ఒకసారి మీ ఆయనతో చెప్పి చూడు, అంది. ఈ మనిషిని ఏం చెయ్యాలో మీరే చెప్పండి. తిట్టాలో, వాటేసుకోవాలో తెలియక కాఫీ పెట్టడానికి లేచాను. ఫ్రిజ్ తలుపు మీద, బయటివైపు, ఆ పాత బొమ్మ ఉంది. నాలుగు వైపులా అడ్డదిడ్డంగా టేపు వేసి ఉంది, అంత టేపు అక్క ఎప్పుడూ వాడదు.

మా రోజుల్లో ఒక ప్రయాణమంటే ట్రావెల్ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరగడం, అట్లాసులు తిరగేయడం, వెళ్ళొచ్చినవాళ్ళని పట్టుకుని అడగడం. ఇప్పుడు ఈ పిల్లలకి టికెట్టు, గది, గాలి ఎంత, చలి ఎంత, అన్నీ అరచేతిలో ఉన్నాయి. అప్పట్లో మాకు లేనిదల్లా తెలుసుకునే దారి, వీళ్ళకి అది బోలెడు ఉంది. కానీ వెంట తీసుకెళ్తున్న మనిషి ఏం చూడాలనుకుంటోందో ఏ ఫోనూ చెప్పదు, దానికి ఇప్పటికీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చోవలసిందే. నా ఈడువాళ్ళం ఆ కుర్చీ లాక్కోవడానికి పద్ధతులకి భయపడ్డాం, వీళ్ళకి ఏ భయమూ లేదు, తీరికే లేదు. అక్కకి మోకాళ్ళు ఉండగా ఒక్కసారి దక్కింది, చాలామందికి అదీ దక్కకుండా పోయింది.

నిన్న కూర్చుని ఆ కింది అంతస్తు అమ్మాయికి ఇవన్నీ రాశాను, మూడు ముక్కల్లో కాదు, నాకు వచ్చినట్టే. క్షణంలో బొటనవేలు వచ్చింది, దాని కింద, థాంక్స్ ఆంటీ, టికెట్లు జూలైకే బుక్ అయిపోయాయి అని. ఫోన్ సోఫా మీద విసిరేశాను. కాసేపటికి లేచి, బీరువాలో కలరా ఉండల వాసన కొడుతున్న నా పాత ఉన్ని కోటు తీసి, దులిపి, ఒక అంతస్తు దిగి వాళ్ళ బెల్లు కొట్టాను. అత్తగారే తలుపు తీసింది, చంకలో మనవడు. కోటు ఆవిడ చేతికిచ్చి, ఇది మీకు, అక్కడ చలి అన్నాను. నాకెందుకండీ, నేను బాబుతో గదిలోనే ఉంటాగా, అంది. అది సరే, అక్కడ మీరు ఏం చూడాలనుకుంటున్నారు అని అడిగాను. ఆవిడ వెనక్కి తిరిగి హాల్లో ఉన్న కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది. వాళ్ళని కాదండీ, మిమ్మల్నే అడుగుతున్నాను అన్నాను. ఆవిడ కోటు బొత్తాం ఒకటి తిప్పుతూ నిలబడింది. నేనూ గుమ్మంలోనే నిలబడ్డాను, ఆవిడ చెప్పేదాకా కదలదల్చుకోలేదు.